కరుస్తుందా? తింటారా?

పోయిన కార్తీకంలో, నాగుల చవితి వెళ్లిన నాలుగో రోజున, మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. సిమెంటు చప్టా మీద చచ్చిపడి ఉన్న పాము, పక్కన కొలత కోసమన్నట్టు ఒక హవాయి చెప్పు. "రక్తపింజర. మా కొబ్బరితోటలో. అందరూ జాగ్రత్త" అని కింద రాసి ఉంది. పది నిమిషాల్లో దణ్ణాలూ, బొటనవేళ్లూ బోలెడు పడ్డాయి.

ఫోటో పెద్దది చేసి చూశాను. తోక మొండిగా, ఎవరో నరికేసినట్టు పొట్టిగా ఉంది. ఒంటి మీద మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, దుప్పటి మీద టీ ఒలికినట్టు ఎలా పడితే అలా ఉన్నాయి. రక్తపింజర మచ్చలు అలా ఉండవు. కోలగా, గొలుసు లంకెల్లా, వీపు పొడుగునా మూడు వరసల్లో ఉంటాయి, ఒక్కోదానికీ నల్లటి అంచు ఉంటుంది. ఫోటోలో ఉన్నది ఇసుక బోవా. దానికి విషం లేదు. బద్ధకస్తుల్ని "మన్ను తిన్న పాములా పడున్నాడు" అని తిడతామే, అలా కదలకుండా పడి ఉండే బాపతు. తోటలో ఇసుకలో దూరి ఎలుకల్ని పట్టుకు తింటుంది.

ఊరుకోలేక "ఇది రక్తపింజర కాదండీ, విషం లేని పాము" అని గ్రూపులో రాశాను. వెంటనే జవాబొచ్చింది: "మీ ఇంట్లో దూరితే అప్పుడు చెబుదురుగాని మేడమ్." దానికి జనం పోటీలు పడి నవ్వు బొమ్మలు పెట్టారు. మా ఆయన కూడా పెట్టారు.

ఆ రాత్రి ఒళ్లు మండింది. రెండు రోజులకి ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. వారం తిరిగేసరికి, న్యాయం ఉన్నా సరే ఎక్కడో తేడా ఉందనిపించింది. ఆ తేడా ఏమిటో తేల్చుకుందామనే ఈ పోస్టు.

బురదలో చేప

మొన్న జనవరిలో మా చెల్లెలి పిల్లలిద్దర్నీ తీసుకుని కోరింగ వెళ్లాం. మడ అడవిలో ఆ చెక్కవంతెన మీద నడవనివాళ్లు మన జిల్లాల్లో తక్కువే కాబట్టి దాని వర్ణన వదిలేస్తున్నాను. మేం వెళ్లినప్పుడు పాటు సమయం. నీళ్లు తీసేసి, బురద తేలి, మడచెట్ల శ్వాసవేర్లు పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఏదో గెంతింది. కప్ప అనుకున్నాం. మళ్లీ గెంతాక చూస్తే చేప!

వేలెడు పొడుగుంది. బురద రంగే దాని రంగూ. రెండు కళ్లూ నెత్తి మీద ఉబ్బి ఉన్నాయి. ముందు రెక్కల్ని మోచేతుల్లా ఆనించి, పసిపిల్లాడు పాకినట్టు ఒళ్లు ముందుకి లాక్కుంటోంది. ఆగింది. ఒక కన్ను లోపలికి మునిగి, తడిసి, మళ్లీ పైకి లేచింది. తర్వాత రెండోది. వీపు మీద రెక్కని విసనకర్రలా విప్పి, మూసేసింది.

మా వెనకాల కుటుంబంతో వచ్చిన ఒకాయన వంగి చూసి, గైడు కుర్రాణ్ణి అడిగాడు. "కరుస్తుందేంటి?"

"కరవదండి."

"తింటారా?"

"నేనైతే తినలేదండి."

"ఆఁహా," అని ఆయన ముందుకి నడిచాడు. అయిపోయింది. ఆ చేప ఖాతా ఆయన లెక్కలో మూసేశారు.

ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆ రెండు ప్రశ్నలూ నేనూ అడుగుతాను. కొత్త జంతువు ఏది కనబడినా మనకి ముందు నోట్లోకి వచ్చేవి అవే. వేల ఏళ్లు మనల్ని బతికించిన ప్రశ్నలు మరి. కానీ మా ఆరేళ్లవాడు రెయిలింగు కమ్మీల మధ్య తల దూర్చి అడిగింది వేరు. "పెద్దమ్మా, అది నీళ్లలోకి ఎందుకు పోవట్లేదు?"

నాకు తెలీదు. ఇంటికొచ్చి చదివాక తెలిసింది. మొప్పల గదిలో నీళ్లు నింపుకుని ఒడ్డెక్కుతుందట, తడి చర్మంతో కూడా గాలి పీలుస్తుందట. అందుకే ఒళ్లు ఆరకుండా బురదలో దొర్లుతుంది, కళ్లు ఆరకుండా అలా లోపలికి ముంచుకుంటుంది. వాడి ప్రశ్న లేకపోతే ఆ కన్ను మునిగి లేవడం నేను చూసి కూడా చూడకుండా వచ్చేసేదాన్ని.

కరుస్తుందా, తింటారా అన్నవి మన గురించిన ప్రశ్నలు. అక్కడేం చేస్తోంది అన్నది దాని గురించినది. గ్రూపులో నాకు కనబడిన తేడా ఇదే అనుకుంటాను. భయపడినందుకు ఎవర్నీ తప్పుపట్టను. భయపడ్డాక ఇంక చూడక్కర్లేదనుకుంటున్నాం, నా పేచీ దానితోనే.

పగలు పేరు, రాత్రి పురుగు

మా నాయనమ్మ రాత్రిపూట పాము అననిచ్చేది కాదు. "పురుగు" అనాలి. "దొడ్లోకి లాంతరు లేకుండా వెళ్లకు, పురుగూ పుట్రా ఉంటాయి." ఎవరికైనా కాటు పడితే "పురుగు ముట్టింది" అనేవారు. కరిచింది అనకూడదు, పేరెత్తకూడదు. పేరెత్తితే వస్తుందని.

తెల్లారితే మాత్రం అదే మనిషి పేర్ల పట్టీ చదివేది. కాలవలో తల పైకెత్తి ఈదేది నీరుకట్టె, గడ్డివాములోంచి బారెడు పొడుగున సాగిపోయేది జెర్రిపోతు, పడగ ఎత్తేది తాచు, కట్లున్నది కట్లపాము, బుస్సుమని కుక్కర్‌లా కూసేది పింజర. (కుక్కర్ పోలిక నాది. నాయనమ్మ కొలిమి తిత్తి అనేది.) ఏది ఎక్కడుంటుందో, ఏ వేళకి తిరుగుతుందో చెప్పేది. ఇందులో జంతుప్రేమ ఏమీ లేదు. పింజర కనబడితే తనే కర్ర తీసుకునేది, చెయ్యి వణికేది కాదు. జెర్రిపోతుని మాత్రం వదిలేసేది. ఆవు పొదుగు దగ్గర పాలు తాగుతుందని దాని మీద ఊళ్లో నింద ఉండేది. "దాని మూతికి పెదాలున్నాయా పీల్చడానికి?" అని నాయనమ్మ కొట్టిపారేసేది. పాము దేన్నీ చప్పరించలేదని నేను ఎన్నో ఏళ్ల తర్వాత పుస్తకంలో చదివాను.

1986 ఆగస్టు వరద మా వయసువాళ్లందరికీ గుర్తే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. మా లంక మునిగి, అందరం ఏటిగట్టు మీదికి చేరాం. నాకు అప్పటికి తొమ్మిదేళ్లు. మనుషులూ, గేదెలూ, మంచాలూ, బియ్యం బస్తాలూ, వీటితోపాటు పాములు. నీళ్లు ఎక్కుతున్నకొద్దీ అవి కూడా గట్టుకే వచ్చాయి. పోవడానికి ఇంకెక్కడుంది?

రెండో రాత్రి మా తాటాకుల పందిరి అంచు మీద ఒకటి చుట్టుకుని ఉంది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు, మగవాళ్లు పలుగు తీశారు. నాయనమ్మ లాంతరెత్తి, దాని తలా ఒళ్లూ చూసి, "నీరుకట్టె. ఉండనివ్వండి" అంది. రాత్రి అని మర్చిపోయి పేరెత్తేసింది. తర్వాత లెంపలేసుకుంది కూడా. పిల్లల్ని మాత్రం ఆ పక్కన పడుకోనివ్వలేదు. విషం లేకపోయినా నీరుకట్టె ఊరికే కరుస్తుంది, దానికి కోపమెక్కువ. పొద్దున్న చూస్తే పాము లేదు. అదే గట్టు మీద నాలుగు పందిళ్ల అవతల పింజరని చంపారు. దానికి నాయనమ్మ అడ్డుచెప్పలేదు.

ఆ ముసలావిడకి భయం లేదనుకోను. లాంతరు కిందికి దించకపోవడమే నాకు గుర్తుండిపోయింది.

కాటుక రేకుల పొడ

1780ల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ డాక్టరు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడు. విషమున్న పాముకీ లేనిదానికీ తేడా ఎలా పట్టాలన్నది ఆయన పట్టుదల. కనబడిన పామునల్లా తెప్పించి, పళ్లు చూసి, బొమ్మలు వేయించి, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఇక్కడి జనం ఏమన్నారో అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు.

అందులో రక్తపింజరకి ఉన్న పేరు "కాటుక రేకుల పొడ".

మొదటిసారి ఇది చదివినప్పుడు కాసేపు కదల్లేకపోయాను. పొడ అంటే మచ్చ. కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలున్నది. ఆ నల్లటి అంచు, ఆ కోల ఆకారం, నేను ఫోటో పెద్దది చేసి వాట్సాప్‌లో వాదించిన గుర్తులన్నీ ఆ మూడు మాటల్లో ఉన్నాయి. ఎవరో ఒకరు, బహుశా చెప్పుల్లేని కాళ్లవాడే, మనిషిని చంపగల పాముని అంత తీరిగ్గా చూశాడు. చూసి, ఇంట్లో ఆడపిల్ల కళ్లు గుర్తొచ్చి ఆ పేరు పెట్టాడు. భయపడుతూనే చూసి ఉంటాడు. పారిపోయి ఉంటే ఆ పేరు పుట్టేది కాదు.

మరుసటి ఏడాది, 1797లో, శాస్త్రంలో ఆ పాముకి రసెల్ పేరే పెట్టారు. మన కాటుక పోయింది. పసుపు నలుపు పట్టీల కట్లపామునైతే ఇక్కడివాళ్లు బంగారు పాము అన్నారు, దాన్నీ ఆయన రాసుకున్నాడు. ఆ మాటలోంచే ఇవాళ ప్రపంచంలో కట్లపాముల జాతి మొత్తానికీ ఉన్న శాస్త్రీయనామం, బుంగారస్, వచ్చింది. ఆస్ట్రేలియాలో ఏ ప్రొఫెసరు కట్లపాము గురించి రాసినా తెలుగు మాటే రాస్తున్నాడన్నమాట. మన గ్రూపులో మాత్రం అన్నీ "పాము", లేదా అన్నీ "రక్తపింజర".

ఇక్కడ నాకు నేనే ఒక బ్రేకు వేసుకోవాలి. "మన పూర్వీకులకు అంతా తెలుసు" అనే దారి చాలా నున్నగా ఉంటుంది, జారితే ఎక్కడ తేలతామో తెలీదు. అంత చక్కటి పేరు పెట్టిన జనమే కాటు పడినవాణ్ణి మంత్రం దగ్గరికి మోసుకెళ్లారు, గాయం మీద రాయి అంటించారు, వాడు చచ్చిపోతే రాత బాగాలేదన్నారు. పేరు తెలియడం వైద్యం కాదు.

పన కింద ఏముందో

అసలు అనుమానం ఇప్పుడు వస్తుంది. మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడ కోతల రోజుల్లో పొలం వెళ్తుంది. నాలుగేళ్ల కిందట, కోసి ఆరబెట్టిన పనలు ఎత్తుతుంటే కింద ఉన్న పింజర మణికట్టు దగ్గర వేసింది. చెయ్యి మోచెయ్యి దాకా వాచింది, చిగుళ్లలోంచి రక్తమొచ్చింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి వచ్చింది. ఈ కాటుక రేకుల సంగతి నేను ఉత్సాహంగా ఆవిడకి చెప్పాను. ఆవిడ గిన్నెలు తోముతూనే విని, "పేరు బాగుందండి. పన ఎత్తేటప్పుడు కింద పేరు రాసుండదు కదండి" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఏడాదికి సగటున 58,000. ఎక్కువమంది పల్లెలవాళ్లే. టార్చీ, బూట్లు, గచ్చు చేసిన వాకిలి, ఎత్తు మంచం, ఇవన్నీ ఉన్నదాన్ని కాబట్టి నాకు కుతూహలం వచ్చింది. దమ్ము చేసిన చేలో బూట్లేసుకుని నాట్లు వెయ్యమంటే ఎవరేస్తారు? ఆవిడని ఆగి చూడమనే హక్కు నాకు లేదు.

కానీ ఆవిడ కథలోనే ఇంకో ముక్క ఉంది. కాటు పడగానే వాళ్లాయన, చుట్టుపక్కలవాళ్లు చేసిన మొదటి పని పాముని వెతకడం. చంపి, కవర్లో వేసుకుని డాక్టరుకి చూపిస్తేనే మందు ఇస్తారని నమ్మకం. ముప్పావు గంట పోయింది. అక్కడ డాక్టరు ఆ కవరు విప్పనేలేదు. మన దేశంలో ఇచ్చే మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకటే. రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. గడ్డకట్టకపోతే పింజర విషం పనిచేస్తోందని తెలుస్తుంది. ఆ ముప్పావు గంటా కుతూహలం తిన్నది కాదు. భయమూ, పగా కలిసి తిన్నాయి.

కట్లపాము సంగతీ అంతే. అది రాత్రి, నేల మీద పడుకున్నవాళ్లని వేస్తుంది. నొప్పి ఉండదు, గాటు సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలిపోవడం. అజీర్ణమనుకుని వాము నీళ్లు తాగించినవాళ్లున్నారు. అది ఎప్పుడు తిరుగుతుంది, ఎందుకొస్తుంది అని అడిగినవాడికే దోమతెర అంచులు పరుపు కింద దోపుకుంటే చాలావరకు సరిపోతుందని తెలుస్తుంది. అన్నిటినీ చంపేవాడికి తెలిసే దారి లేదు. చంపడంతోనే జాగ్రత్త అయిపోయిందనుకుంటాడు కదా.

మనకున్న చిరుతలు

2024 సెప్టెంబరులో రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువు వైపు చిరుత తిరిగింది. తర్వాత కడియం నర్సరీల్లో అడుగులు కనబడ్డాయి. అది నిజం చిరుత. అప్పుడు భయపడటం సబబే. కాకపోతే ఆ నెలంతా మా వైపు ప్రతి పిల్లీ చిరుతే అయింది. రొయ్యల చెరువు గట్టున ఎవరో తీసిన వీడియో నాకూ వచ్చింది. బూడిదరంగు ఒంటి మీద నల్లటి చుక్కలు, పొట్టి కాళ్లు, పొట్టి తోక. "చిరుత పిల్ల, తల్లి దగ్గర్లోనే ఉంటుంది" అని వెనక నుంచి గొంతు. అది బావురుపిల్లి. నీళ్లలోకి దూకి చేపలు పట్టే పిల్లి, కోరింగ మడ అడవుల్లో ఉంటుంది, కాలవల వెంట ఇటూ వస్తుంది. పశ్చిమ బెంగాల్ దాన్ని రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది. మన వీడియోలో చివర కర్రలు కనబడుతున్నాయి. ఆ తర్వాత ఏమైందో ఎవరూ పెట్టలేదు.

రెండో రకం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. రీల్స్ కోసం తాచుని మెళ్లో వేసుకునే కుర్రాళ్లు. దాన్ని కుతూహలం అంటే నేనొప్పుకోను. వాడు పాముని చూడటం లేదు, ఫోన్లో తనని చూసుకుంటున్నాడు. దూరం లేకపోతే చూపు ఎక్కడుంది? మా నాయనమ్మ లాంతరు ఎత్తింది గానీ, పందిరి మీదికి చెయ్యి చాపలేదు.

ఇంక నా సంగతి

ఇదంతా సగం రాసి పక్కన పెట్టాను. మూడు వారాల కిందట రాత్రి పదింటికి బాత్రూము తలుపు తీస్తే మూల బకెట్టు వెనక సన్నగా, గోధుమరంగులో, తెల్లటి కట్లతో ఒకటి గోడ ఎక్కబోతోంది. అచ్చం అలాగే ఉండే రెండు పాములున్నాయని నాకు తెలుసు. ఒకటి కట్లపాము. రెండోది విషం లేని వుల్ఫ్ స్నేక్, ఇళ్లలోకి ఎక్కువగా వచ్చేదీ, గోడలెక్కేదీ అదే. కట్లు చూసి చెప్పొచ్చు. కట్లపాముకి తల వైపు కట్లు ఉండవు, ఉన్నా వెలిసిపోయినట్టుంటాయి, తోక వైపుకి స్పష్టమవుతాయి. రెండోదానికి మెడ దగ్గరే గట్టిగా మొదలై, తోక వైపుకి మాసిపోతాయి. పాములు పట్టే కుర్రాడి నంబరు నా ఫోన్లో ఉంది. తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, ఫోన్ చేస్తే అరగంటలో వస్తాడు. ఇదే సలహా నేను గ్రూపులో ఇద్దరికి ఇచ్చాను.

నేను చేసింది, "ఏవండీ, కర్ర!" అని అరవడం. అత్తయ్యగారు "పురుగా?" అంటూ లేచొచ్చారు. మా ఆయన రెండు దెబ్బల్లో ముగించేశారు.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాక టార్చీ వేసి వంగి చూశాను. కట్లు మెడ దగ్గర నుంచే ఉన్నాయి.

"ఏం పామే?" అని వాకిట్లోంచి మా ఆయన అడిగారు.

చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గ్రూపులో పెట్టమంటావా?" అన్నారు. వద్దన్నాను.